జీతం వోచర్లో ఇంకో వరస చేర్చండి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల సంఘ పెద్దలకు బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని క్రైస్తవ సంఘాల ప్రెసిడెంట్లకు, సెక్రటరీలకు, డీకన్లకు, అందరికంటే ముఖ్యంగా ట్రెజరర్లకు ప్రభువు నామంలో వందనాలు.

నేను కావలి వైపు ఒక సంఘంలో లెక్కలు రాస్తాను. నెల మొదట్లో జీతాల వోచర్లు నా చేతి మీదుగానే పోతాయి. పాస్టరు అయ్యగారి జీతం, ఆడవాళ్లకు వాక్యం చెప్పే బైబిల్ స్త్రీకి ఇచ్చేది, రాత్రిపూట కాంపౌండులో పడుకునే వాచ్‌మన్‌కి, గుడి ఊడ్చి బెంచీలు తుడిచే అమ్మకి, కీబోర్డు వాయించే అబ్బాయికి ఇచ్చేవి. ఆ తర్వాత కరెంటు బిల్లు, మైకు సెట్టు రిపేరు, క్రిస్మస్ లైట్లు, కూటాలకు షామియానా. సంఘం పెట్టే ప్రతి ఖర్చుకీ లెడ్జరులో ఒక పద్దు ఉంది. ఈ మనుషులకు ఒంట్లో సత్తువ పోయాక పూట ఎలా గడవాలి అన్నదానికి మాత్రం పద్దు లేదు. ఆ పద్దు తెరవమని అడగడానికే ఈ ఉత్తరం.

బాప్టిస్టు సంఘాలను తలుచుకుని మొదలుపెట్టినా, ఇది సూళ్లూరుపేట, గూడూరు వైపు లూథరన్ సంఘాలకూ, కథోలిక విచారణల్లో, అంటే పారిష్‌లలో, ఊరూరా తిరిగే ఉపదేశుల సంగతి చూసేవారికీ, రేకుల షెడ్డులో సొంతంగా ప్రార్థన మందిరం నడుపుకునేవారికీ కలిపి రాస్తున్నాను. బోర్డు మీద పేరు ఏదైనా పనివాళ్ల ముసలితనం ఒక్కటే.

ముందు ఒక తేడా చెప్పాలి. మిషన్ కాంపౌండుల్లో ఒకే గోడ లోపల రెండు రకాల రిటైర్మెంట్లు చూస్తూ పెరిగిన మనుషులం మనం. ఎయిడెడ్ బడిలో పాఠం చెప్పిన మాస్టారు రిటైరై ప్రభుత్వ పింఛను తీసుకుంటాడు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాడు, నెల మొదట్లో బ్యాంకుకు వెళ్తాడు, మనవడికి ఫీజు కట్టగలుగుతాడు. పెద్ద మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన నర్సమ్మకు పీఎఫ్ చేతికొస్తుంది. అదే కాంపౌండులో, అదే ముప్పై ఏళ్లు, ఆ మాస్టారి పిల్లలకు పెళ్లిళ్లు చేసి, ఆ నర్సమ్మ తల్లిని సమాధి చేసి, ప్రతి ఇంటి గడప తొక్కిన పాస్టరుకు మాత్రం ఏమీ రాదు. ఆయన వెనకాల సైకిలు మీద తిరిగిన ఉపదేశికీ, పల్లెల్లో ఆడవాళ్లను పోగుచేసి పాటలు నేర్పిన బైబిల్ స్త్రీకీ అసలే రాదు. గుడిని నమ్ముకున్నవాళ్లకంటే గుడి పక్క బడిని నమ్ముకున్నవాళ్లే ముసలితనంలో నిలదొక్కుకున్నారు. ఇది సంఘానికి మంచి పేరు తెచ్చే సంగతి కాదు.

వీడ్కోలు సభ ఎలా జరుగుతుందో మీకందరికీ తెలుసు. దండ, శాలువా, జ్ఞాపిక, ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్పడం, చివర్లో సంఘమంతా చందా వేసిన కవరు, ఆపైన భోజనాలు. అందులో ప్రేమ లేదని నేననను, ఏడ్చేవాళ్లు నిజంగానే ఏడుస్తారు. నేను దగ్గరుండి చూసిన ఒక అయ్యగారి విషయంలో ఆ తర్వాత జరిగింది చెబుతాను. కొత్త పాస్టరు వస్తున్నారని పార్సనేజీ, అంటే పాస్టరుకు సంఘం ఇచ్చే ఇల్లు, ఖాళీ చేయమన్నారు. అద్దెకు దొరికింది రెండు గదుల ఇల్లు. పెళ్లినాటి టేకు బీరువా ఆ గుమ్మంలో పట్టలేదు, దాన్ని ఎవరికో ఇచ్చేశారు. పుస్తకాలు సిమెంటు గోతాల్లో మూతికట్టి గుడి వెనక గదిలో పెట్టారు, వానాకాలానికి చెదలు పట్టాయి. అమ్మగారు ఆటో ట్రాలీలో వంటసామాను మధ్య కూర్చుని, ఆ ఇంటి పెరట్లో తను నాటిన కరివేపాకు చెట్టుకు నీళ్లు పోయమని వాచ్‌మన్‌కి రెండుసార్లు చెప్పింది. అరవై దాటిన ఆ మనిషి ఆదివారాలు ఎవరైనా ప్రసంగానికి పిలిస్తే బాగుండునని ఫోను పక్కనే పెట్టుకుని కూర్చునేవారు. పిలిస్తే బస్సు చార్జీలు పోను చిన్న కవరు మిగిలేది.

ఇక ఆ వీడ్కోలు కవరు సంగతి. చందా బాగా పడి లక్ష రూపాయలు వచ్చిందనుకోండి. పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కం స్కీములో, ఈమధ్య ఉన్న 7.4 శాతం వడ్డీ లెక్కన లక్షకు నెలకు వచ్చేది 616 రూపాయలు. బీపీ, షుగరు మాత్రలకే చాలవు. ముప్పై ఏళ్ల సేవకు సంఘం చూపిన ప్రేమ విలువ ఇంతేనా అని ఆయన అడగడు. అడగడు కాబట్టే నేను అడుగుతున్నాను.

మన సంఘాలు ఎలా పుట్టాయో ఒకసారి గుర్తు చేసుకుందాం. మిషనరీ శామ్యూల్ డే దొర 1840లో నెల్లూరు వచ్చారు. 1854 జనవరి 1న తెల్లవారకముందే ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించినవాళ్లు ఐదుగురు. జూవెట్ దొర, దొరసాని, తక్కిన ముగ్గురూ మనవాళ్లే: క్రిస్టియన్ నర్సు అనే పేరుగల ఆయన, రూతు, జూలియా. ఆ తర్వాత వచ్చిన మిషనరీ క్లౌ దొర పేరు చెప్పగానే 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే బాప్తిస్మం పొందిన 2,222 మంది గుర్తొస్తారు. కానీ ఆయన కంటే ముందుగా ఆ పల్లెల్లోకి వాక్యాన్ని మోసుకెళ్లిన మనిషి యర్రగుంట్ల పేరయ్య, కనిగిరి వైపు తాళ్లకొండపాడు వాడు, తోళ్ల వ్యాపారం చేసుకునేవాడు. జీతంబత్తెం సరిగా ఎరగని ఇలాంటి పనివాళ్ల కాళ్ల మీద కట్టిన సంఘాలు మనవి. ఏటా జనవరి 1న ప్రార్థన కొండ ఎక్కేవాళ్లం ఈ మాట మరిచిపోకూడదు.

మనకు మిషనరీలను పంపిన అమెరికన్ బాప్టిస్టులు తమ సేవకుల ముసలితనాన్ని దేవుడి మీద వేసి ఊరుకోలేదు. మినిస్టర్స్ అండ్ మిషనరీస్ బెనిఫిట్ బోర్డు అని 1911లోనే ఒక సంస్థ పెట్టుకున్నారు. పాస్టర్లకు, మిషనరీలకు పింఛను చూడటమే దాని పని. ఇప్పటికీ నడుస్తోంది. పాటల పుస్తకం, కమిటీ పద్ధతి, ఆదివారపు బడి, అన్నీ వాళ్ల దగ్గర నేర్చుకున్నాం. ఈ ఒక్కటీ నేర్చుకోలేదు.

బైబిలులో లేదా అంటే ఉంది. సంఖ్యాకాండం 8వ అధ్యాయం చివర చూడండి. లేవీయుడు యాభై ఏళ్లు నిండాక పని మానాలి, ఆపైన తన సహోదరులకు తోడుగా మాత్రం ఉండాలి. అంటే రిటైర్మెంటు వయసు ధర్మశాస్త్రంలోనే ఉంది. పని మానినవాడు ఎక్కడ ఉంటాడు? యెహోషువ 21లో లేవీయులకు 48 పట్టణాలు, వాటి చుట్టూ పశువుల మేతకు పొలాలు ఇచ్చారు. గుడారంలో పని ఆగిపోయినా ఇల్లు పోలేదు. మన అయ్యగారికి పని పోయిన రోజే ఇల్లూ పోతోంది. ఆయన జీతం తక్కువైనా ఇల్లు ఇస్తున్నాం కదా అని ముప్పై ఏళ్లు చెప్పుకుంటాం, ఆ ఇంటి వల్లే ఆయన సొంత ఇల్లు కట్టుకోలేదని మాత్రం గుర్తుపెట్టుకోం. పార్సనేజీ ఇచ్చే సంఘం పింఛను గురించి మామూలు యజమాని కంటే ఎక్కువ ఆలోచించాల్సిన కారణం ఇదే.

చట్టం ఏం చెబుతుందో కాస్త చూద్దాం. పీఎఫ్ 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు. మన సంఘాల్లో ముగ్గురో నలుగురో ఉంటారు. ఆ లెక్క చూపించి కమిటీలు పక్కకు పెట్టేస్తాయి. కానీ 20 మంది లేకపోయినా, యాజమాన్యం, ఉద్యోగుల్లో ఎక్కువమంది ఒప్పుకుని అడిగితే స్వచ్ఛందంగా చేరే దారి ఆ చట్టంలోనే ఉంది. కొన్ని సంఘాలు కలిసిన ఒక ఫీల్డు మొత్తానికి జీతాలు ఒకచోటి నుంచే ఇస్తుంటే ఇది తప్పకుండా ఆలోచించాలి. మామూలుగా ఉద్యోగి 12 శాతం, యాజమాన్యం 12 శాతం, 20 మంది లోపు ఉన్నచోట చెరి 10 శాతం. యాజమాన్యం కట్టేదాంట్లోంచి, జీతంలో 8.33 శాతం పింఛను పథకానికి పోతుంది. పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్ల నుంచి పింఛను. దాని లెక్క సులువు: జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి 70తో భాగించడం. 10,000 జీతం, 14 ఏళ్ల సర్వీసు అయితే నెలకు 2,000. పెద్ద మొత్తం కాదు, కానీ పీఎఫ్ సొమ్ము వేరుగా ఉంటుంది, భర్త పోతే భార్యకు పింఛను వస్తుంది.

గ్రాట్యుటీ, అంటే పని మానేటప్పుడు సర్వీసును బట్టి ఒకేసారి ఇచ్చే సొమ్ము, పదిమంది ఉన్నచోట అడిగే చట్టం. 1972 నాటిది, ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. పదిమంది లేని సంఘాన్ని చట్టం అడగకపోవచ్చు. ఆ సూత్రాన్ని మనమే మనస్సాక్షిగా పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చివరి జీతాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, సర్వీసు ఏళ్లతో హెచ్చిస్తే వచ్చేది. 9,000 జీతంతో 20 ఏళ్లు చేసిన వాచ్‌మన్‌కి అది లక్షా మూడువేల పైచిలుకు. అతనికి మనం వీడ్కోలు రోజున ఇచ్చేది ఎంతో మీ మీ రిజిస్టర్లు తీసి చూడండి. చాలాచోట్ల వాచ్‌మన్‌కి వీడ్కోలు సభే ఉండదు.

ఇక చిన్న సంఘాలు, అంటే మనలో చాలామంది, రేపే మొదలుపెట్టగలిగిన పని చెబుతాను. నా ఉత్తరంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటే ఈ పేరా గుర్తుపెట్టుకోండి. పాస్టరు జీతం 12,000 అనుకుందాం. అందులోంచి ఆయన 1,200 పక్కన పెడతారు, సంఘం ఇంకో 1,200 కలుపుతుంది. నెలకు 2,400. ఆయన పేరుతోనే పోస్టాఫీసులోనో బ్యాంకులోనో పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) ఖాతా తెరిచి, ప్రతినెలా 5వ తేదీలోపు కట్టాలి, ఆ తేదీ దాటితే ఆ నెల కట్టినదానికి ఆ నెల వడ్డీ రాదు. ఇప్పుడున్న 7.1 శాతం వడ్డీ అలాగే సాగిందనుకుంటే, 35వ ఏట మొదలుపెట్టిన మనిషికి 60 నిండేసరికి సుమారు 19 లక్షలు అవుతుంది. చేతినుంచి కట్టింది 7 లక్షల 20 వేలు. పదిహేనేళ్లకు ఖాతా గడువు తీరుతుంది, ఐదేసి ఏళ్ల చొప్పున పొడిగించుకుంటూ పోవచ్చు. ఆ 19 లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వేస్తే, ఇప్పటి 8.2 శాతం వడ్డీకి సగటున నెలకు 13,000 దగ్గర పడుతుంది, మూడు నెలలకోసారి చేతికొస్తుంది, అసలు అలాగే ఉంటుంది. వడ్డీలు మారుతాయి, జీతమూ మారుతుంది, కాబట్టి ఈ అంకెలు అటూఇటూ అవుతాయి. అదే మనిషి 50వ ఏట మొదలుపెడితే పదేళ్లకు అయ్యేది 4 లక్షల పైచిలుకు, ఆ 8.2 శాతం లెక్కన దానిమీద నెలకు 2,800, పైగా పదిహేనేళ్ల గడువు తీరేదాకా ఆ సొమ్మంతా చేతికి రాదు. కట్టే 2,400 ఒక్కటే, మొదలుపెట్టిన ఏడు మాత్రం వేరు. అందుకే ఈ సంగతి వచ్చే సర్వసభ్య సమావేశానికి వాయిదా వేయకండని బతిమాలుతున్నాను.

సంఘం వాటా 1,200 ఎక్కడినుంచి వస్తుంది? 120 కుటుంబాలున్న సంఘంలో ఇంటికి నెలకు పది రూపాయలు. మన కోతపండుగ వేలంపాటలు తలుచుకోండి. ఒక గుమ్మడికాయ వెయ్యికి పోతుంది. నాటుకోడిని ఇద్దరు బావామరదులు పంతానికి పోయి మూడువేలకు పాడతారు. మొలగొలుకుల బస్తా పాడినవాడు మళ్లీ సంఘానికే ఇచ్చేసి రెండోసారి పాడిస్తాడు. చేతికి ఎముక లేకుండా ఇచ్చే జనం మనవాళ్లు, వాళ్లకు చెప్పేవాళ్లు కావాలి. కోతపండుగ రాబడిలో ఒక భాగం పనివాళ్ల పింఛనుకని ముందే ప్రకటిస్తే పాట ఇంకా పైకి పోతుందే తప్ప తగ్గదు. రోడ్డు పక్క షాపులు అద్దెకిచ్చిన సంఘాలకైతే ఒక షాపు అద్దె చాలు.

బైబిల్ స్త్రీకి, గుడి ఊడ్చే అమ్మకు ఇంకా తక్కువతో అవుతుంది. అటల్ పెన్షన్ యోజన 2015 నుంచి ఉంది, 18 నుంచి 40 ఏళ్లలోపు వాళ్లు చేరవచ్చు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు చేరకూడదు. 60 నిండాక నెలకు 5,000 కావాలంటే, 25 ఏళ్ల మనిషి నెలకు 376, 30 ఏళ్ల మనిషి 577, 35 ఏళ్ల మనిషి 902 కట్టాలి. చేరినవాళ్లు పోతే భర్తకో భార్యకో అదే పింఛను, ఇద్దరూ పోతే నామినీకి 8 లక్షల 50 వేలు. బ్యాంకు ఖాతా ఉంటే ఒక ఫారం నింపడంతో సరి. బైబిల్ స్త్రీ తరఫున 577 సంఘమే కట్టలేదా? అయితే ఒక నిజం దాచకుండా చెప్పాలి. ముప్పై ఏళ్ల తర్వాతి 5,000 ఇప్పటి 5,000 కాదు. ధరలు ఏటా ఆరు శాతం పెరుగుతూ పోతే, అప్పటి 5,000తో ఇప్పుడు 900 లోపు సరుకు వచ్చినట్టే లెక్క. కాబట్టి అటల్‌తో చేతులు దులుపుకోవడానికి లేదు, దానికి తోడు ఇంకొకటి ఉండాలి. నెలకు 15,000 లోపు వచ్చేవాళ్లు, పీఎఫ్, ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) లాంటివి లేనివాళ్లయితే శ్రమయోగి మాన్‌ధన్ అనే ప్రభుత్వ పింఛను పథకం కూడా చూడవచ్చు. 29 ఏళ్ల మనిషి నెలకు 100 కడితే ప్రభుత్వం ఇంకో 100 వేస్తుంది, 60 తర్వాత నెలకు 3,000. నలభై దాటినవాళ్లు ఈ రెండింటిలోనూ చేరలేరు. వాళ్లకు పీపీఎఫ్, ఎన్‌పీఎస్ ఉన్నాయి.

ఇప్పుడు నేను గట్టిగా పట్టుబట్టే మాట. పింఛను సొమ్ము సంఘం ఖాతాలో పెట్టకండి. సంక్షేమ నిధి అని పేరుపెట్టి ప్రెసిడెంటు, ట్రెజరర్ సంతకాలతో నడిచే ఖాతాలో అసలు వేయకండి. మనకు మనం అబద్ధం చెప్పుకోవడం ఎందుకు, మన కమిటీల సంగతి మనకు తెలుసు. ఎన్నికలు వస్తాయి, రెండు వర్గాలవుతాయి, ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కుతారు, ఖాతా ఆగిపోతుంది. లేదంటే గుడి పైకప్పు కురుస్తోందని ఆ నిధిలోంచి అప్పుగా తీస్తారు, అది తిరిగి పడదు. ఎవరూ దొంగలు కాకపోయినా ముసలాయన డబ్బు కరిగిపోతుంది. ప్రతి పనివాడి సొమ్మూ ఆ పనివాడి పేరునే ఉండాలి. సంఘం కట్టిన రసీదు వోచర్‌కు గుచ్చి ఫైల్లో పెడితే ఆడిటుకు సరిపోతుంది. ఇందులో ఇంకో మేలుంది. పాస్టర్లకు బదిలీలుంటాయి. ఉదయగిరిలో ఐదేళ్లు, కందుకూరులో ఆరేళ్లు, పొదిలిలో నాలుగేళ్లు చేసిన మనిషికి ఏ సంఘం బాధ్యత ఎంత అన్న తగువే రాదు. పీపీఎఫ్ పాసుబుక్కో, ఎన్‌పీఎస్‌లో ఇచ్చే ప్రాన్ అనే శాశ్వత ఖాతా నంబరో ఆయనతోపాటే పోతుంది, కొత్త సంఘం అక్కడినుంచి కడుతుంది.

దీనికి కాగితం కావాలి. నియామక పత్రం లేకుండా పనిచేసేవాళ్లు మన సంఘాల్లో ఎంతమందో. ఏ తేదీన చేరారు, జీతమెంత, పింఛనుకు సంఘం వాటా ఎంత, ఏ వయసుకు విశ్రాంతి, ఇల్లు ఎన్నాళ్లలో ఖాళీ చేయాలి, ఇవన్నీ ఒక పేజీలో రాసి, మినిట్స్ బుక్కులో తీర్మానం రాసి, సంతకాలు చేసి ఒక ప్రతి వాళ్లకివ్వండి. ఇల్లు ఖాళీ చేయడానికి కనీసం ఆరు నెలలు గడువు పెట్టండి. అయ్యగారు పదవిలో ఉండగా చనిపోతే అమ్మగారికి ఏడాది ఇవ్వండి. భర్తను సమాధి చేసిన నెలలోనే ఇల్లు వెతుక్కోమనడం శత్రువుకు కూడా చేయని పని.

పెద్దల దగ్గర ఈ మాట ఎత్తినప్పుడల్లా వచ్చే జవాబులు నాకు తెలుసు. సేవకుడు రేపటి గురించి చింతించకూడదంటారు. చింతించవద్దని ప్రభువు చెప్పింది నిజమే, ఆ చింత ఆయన నెత్తిన లేకుండా చేయడం సంఘం పని. పిల్లలు చూసుకుంటారంటారు. చూసుకునే పిల్లలున్నందుకు స్తోత్రం. కానీ పాస్టరు పిల్లలు బదిలీకొక బడి మారి చదువుకున్నవాళ్లు, హైదరాబాదులోనో చెన్నైలోనో ఒంటి జీతంతో అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లు. అయ్యగారికి బయట కానుకలు వస్తాయి కదా అనేది ఇంకో మాట. కొందరికి వస్తాయి, పేరున్నవాళ్లకు. పల్లె సంఘంలో కోడిగుడ్లూ సొరకాయా వస్తాయి, వాటిని బ్యాంకులో వేయలేం.

ప్రభుత్వం ఇస్తోంది కదా అని ఈమధ్య వింటున్నాను. పాస్టర్లకు ప్రకటించిన 5,000 గౌరవ వేతనం సేవలో ఉన్న పాస్టరుకు. వాచ్‌మన్‌కి, బైబిల్ స్త్రీకి అది లేదు. 2024 జూలై నుంచి ఎన్‌టీఆర్ భరోసా వృద్ధాప్య పింఛను నెలకు 4,000 అయింది, అర్హతలున్న పేదలకు 60 నిండాక వస్తుంది. ఆ 4,000 కోసం ఒకటో తేదీన సచివాలయం ఉద్యోగి రాకకు ఎదురుచూసే రిటైరైన ఉపదేశులు నాకు తెలుసు. జీవితమంతా సంఘానికి పనిచేసిన మనిషిని చివర్లో సర్కారు పోషిస్తోంది, సంఘం నుంచి క్రిస్మస్‌కు ఒక కేకు వెళ్తోంది. ఇది మనం సరిదిద్దుకోవలసిన లెక్క.

సొంతంగా మందిరం నడుపుకునే పాస్టర్లకు ఒక మాట. మీకు కమిటీ లేదు, జీతం లేదు, వచ్చిన కానుకే సంపాదన. అందులో మీ ముసలితనం వాటా ముందు తీసి పక్కన పెట్టడం స్వార్థం కాదు. వచ్చిందంతా గుడి గోడల్లో పోయకండి. మందిరం స్థలం మీ పేరున ఉన్నా దాన్ని అమ్ముకుని తినలేరు కదా.

పనివాళ్లలో నా తోటివాళ్లకు కూడా. కమిటీ ఒప్పుకునేదాకా ఆగకండి. నెలకు 500తోనైనా మీ ఖాతా మీరు తెరవండి. ఎన్‌పీఎస్‌లో ఏడాదికి 1,000 కట్టినా ఖాతా బతికి ఉంటుంది. నామినీ పేరు రాయండి, రాసినట్టు భార్యకు చెప్పండి, పాసుబుక్కు ఎక్కడుందో చూపించండి. రిజిస్ట్రేషన్ లేని చీటీలో రిటైర్మెంటు డబ్బు వేయకండి. అరవై దాటాక చేతికొచ్చిన మొత్తాన్ని కొడుకు వ్యాపారానికి ఇచ్చి చేతులు కట్టుకుని కూర్చున్నవాళ్లను చూశాను, అవసరమొచ్చినా కొడుకును తిరిగి అడగలేని స్థితి. ప్రేమతోనే ఇవ్వనని చెప్పడం నేర్చుకోండి. డెబ్బై నిండినవాళ్లకు ఆయుష్మాన్ భారత్ కింద ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఉంది, 2024 అక్టోబరులో మొదలైంది. ఆధార్ పట్టుకెళ్లి ఆ కార్డు తీయించుకోండి. ఆసుపత్రి ఖర్చే మిగిల్చిన డబ్బును మొదట మింగేది.

రామపట్నంలోనూ, తక్కిన చోట్లా సేవకులను తయారుచేసే గురువులకు ఒక మనవి. ప్రసంగం ఎలా చేయాలో, సమాధి కార్యక్రమం ఎలా నడపాలో నేర్పుతారు. చదువు ముగించి వెళ్లేముందు ఒక్క రోజు పోస్టాఫీసు మనిషినో బ్యాంకు మనిషినో పిలిపించి, ఇరవై అయిదేళ్ల ఆ కుర్రవాళ్లందరి చేతా అక్కడికక్కడే ఖాతాలు తెరిపించండి. ఆ వయసులో వాళ్లు అటల్‌కు నెలకు 376 కడితే చాలని పైన చెప్పాను.

చివరగా, ఇప్పటికే రిటైరైపోయినవాళ్లు. వాళ్లకు పీపీఎఫ్ పనికిరాదు, అటల్ పనికిరాదు, కాలం మిగల్లేదు. వాళ్లకు కావలసింది నెలనెలా చేతికి కొంత సొమ్ము. మీ సంఘంలో గత ఇరవై ఏళ్లలో పనిచేసి మానేసినవాళ్లు, వాళ్ల విధవరాళ్లు ఎవరెవరు బతికి ఉన్నారో పేర్లు రాయండి. ఆదివారం ఆరాధనలో ఆ పేర్లు చదవండి. వాళ్లు పనిచేసిన సంఘాలన్నీ వంతులు వేసుకుని ఒక్కొక్కరికి నెలకు రెండువేలైనా బ్యాంకులో వేయండి, పండుగరోజు కవరులా చేతికి ఇవ్వవద్దు. వచ్చే నెల జీతాల వోచర్లతోపాటు ఆ వోచరు కూడా రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మీ సంఘంలో నాలాగే లెక్కలు రాసే మనిషి ఉంటారు, వాళ్లనడగండి, వాళ్లూ కాదనరు.

వందనాలతో,
సంఘం లెక్కలు రాసే ఒక విశ్వాసి,
కావలి